పరీక్ష యెవరికి?

రైతు ఎద్దును ఊరకే కొనడు. పండ్లు లెక్కించును, సుడులు చూచును, మూపురము తట్టును, నాలుగడుగులు నడిపించును, కాడి కట్టించి చూచిన పిదపగాని బయానా చేతిలో పెట్టడు. ఇల్లాలు కుమ్మరి యొద్ద కుండ కొనునప్పుడు వ్రేలితో తట్టి, మ్రోత విని, బీట లేదని నిశ్చయించుకొనినగాని బేరమాడదు. ఎద్దు పోయినను మరియొక ఎద్దు వచ్చును. కుండ పగిలినను మరియొక కుండ దొరకును. మరల రాని బాల్యమును ఒక బడికి అప్పగించునప్పుడు మాత్రము ఈ జాగరూకత యంతయు ఎచ్చటికో పోవును. గేటు ఎత్తు, బస్సు రంగు, గోడమీది బొమ్మలు చూచి తృప్తిపడి వచ్చు తల్లిదండ్రులు పెక్కుమంది కలరు. అంతకంటె వింత యేమనగా, ఆ దినమున చూడవలసినది బడిని కాగా, అందరును చూచునది బిడ్డను. బిడ్డ పేరు సరిగా చెప్పునా, అంకెలు అప్పగించునా, పద్యము తప్పకుండ చదువునా అని తల్లి గుండె కొట్టుకొనుచుండును.

తెలుగుదేశమున పూర్వము ఈ పద్ధతి లేదు. 1822వ సంవత్సరమున మద్రాసు గవర్నరుగా నుండిన సర్ థామస్ మన్రో, జిల్లాలలో ఎన్ని బడులు కలవో, వానిలో ఎందరు చదువుచున్నారో తెలుపవలసినదని కలెక్టర్లను కోరెను. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంబెల్ దానికి సమాధానముగా ఒక నివేదిక పంపెను. నేటి అనంతపురము సీమ నాడు బళ్లారి జిల్లాలోనిదే. ఆ జిల్లాలో 533 బడులును, 6,641 మంది విద్యార్థులును ఉన్నట్లు అందు వ్రాయబడినది. బిడ్డను బడిలో వేయు వేడుకను గూడ క్యాంబెల్ వర్ణించెను. బిడ్డకు అయిదేండ్లు రాగానే తల్లిదండ్రులు పంతులుగారిని, బడిపిల్లలను తమ యింటికే పిలిచెడివారు. అందరును వినాయకుని ప్రతిమ చుట్టును కూర్చుండెడివారు. చదువు మొదలుపెట్టు బిడ్డను దేవునికి ఎదురుగా కూర్చుండబెట్టి, పంతులు ప్రక్కన కూర్చుండి, ధూపము వేసి, ప్రార్థన చెప్పించి, బిడ్డ వ్రేలు పట్టి బియ్యములో దేవుని నామములు వ్రాయించెడివాడు. మరునాటి ఉదయము బిడ్డ బడికి పోయెడిది. అనగా బిడ్డ బడికి పోకమునుపే బడి బిడ్డ యింటికి వచ్చెడిది. తనకు చదువు చెప్పబోవు వాని ముఖమును, తనతో చదువబోవు వారి ముఖములను బిడ్డ తన గడపలోనే చూచెడిది.

ఇంత మాత్రమున ఆ కాలమంతయు బంగారు కాలమని తలపరాదు. ఆ నివేదికయే మరియొక సంగతియు చెప్పుచున్నది. ఉదయమున అందరికంటె ముందు బడికి వచ్చిన బాలుని అరచేత సరస్వతి పేరు వ్రాసెడివారు. రెండవవానికి సున్న చుట్టెడివారు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ పైన వచ్చిన ప్రతివానికిని ఒక్కొక్క దెబ్బ పెరుగుచు పోయెడిది. ఇక ఆ 6,641 మందిలో బాలికలు కేవలము 60 మంది. వినాయకుని యెదుట, బియ్యపు పళ్లెరము ముందు కూర్చుండు భాగ్యము తక్కిన బాలికలకు లేకపోయెను.

మన్రో 1827లో పత్తికొండ యొద్ద కలరా సోకి మరణించెను. ఆయన దేహమును మొదట గుత్తిలో పాతిపెట్టి, తరువాత మద్రాసునకు తరలించిరి. బడుల లెక్క అడిగిన ఆ గవర్నరును మొట్టమొదట పాతిపెట్టిన గుత్తి పట్టణముననే, దాదాపు రెండు వందల యేండ్ల తరువాత, ఒక వడ్రంగి తన ఆరేండ్ల కూతురు చేయి పట్టుకొని ఒక ప్రైవేటు పాఠశాలను చూడబోయెను.

ఆ ప్రయాణము వెనుక ఒక చిన్న యుద్ధమే జరిగినది. "ఆడపిల్లకు అంత డబ్బు పోసి చదివించడం ఎందుకు? తమ్ముడు పెరుగుతున్నాడు, వానికి దాచిపెట్టు" అని వీధిలోని పెద్దలు చెప్పిరి. వడ్రంగి కొంత మెత్తబడెను. కాని యిల్లాలు మెత్తబడలేదు. ఆమె తన చెవుల కమ్మలు తీసి భర్త చేతిలో పెట్టి, "ఇద్దరికీ ఒకటే న్యాయం" అనెను. కమ్మలు బ్యాంకునకు పోయినవి. ఆ రొక్కము చొక్కా లోపలి జేబులో పెట్టుకొని, అతడు ఊరి పొలిమేరలోని పాఠశాల మెట్లెక్కెను.

ముందుగది మిక్కిలి శుభ్రముగా నుండెను. గోడనిండ మంచి మార్కులు తెచ్చుకొన్న పిల్లల ఛాయాచిత్రములు. గుమాస్తా మర్యాదగనే కూర్చుండబెట్టి, ఫీజు, బస్సు, పుస్తకములు, దుస్తులు, బూట్లు అని వరుసగా చదివెను. "ఈ రోజే కడితే కొంత తగ్గింపు ఉంటుంది" అని కూడ చెప్పెను. ఇంతలో ఒక ఉపాధ్యాయిని వచ్చి, బాలికను చూచి, ఇంగ్లీషులో పేరు అడిగెను. బాలిక తండ్రి పంచె కుచ్చెళ్లు పట్టుకొని ఊరకుండెను. అంకెలు చెప్పుమనిరి, చెప్పలేదు. అక్షరముల అట్టను చూపిరి, చూడలేదు. "పాప వెనకబడి ఉంది. ఒకటో తరగతి కష్టం, ఇంకొక సంవత్సరం కింది తరగతిలో వేద్దాం" అని గుమాస్తా తీర్పు చెప్పెను. వడ్రంగి తల వంచుకొనెను. తప్పు బిడ్డది కాదని అతని మనస్సు చెప్పుచున్నను, నోరు మాత్రము రాలేదు.

అతనికి తెలియని సంగతి యొకటి కలదు. తెలిసినచో తల వంచుకొని యుండడు. బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 2009లో చేయబడి, 2010 ఏప్రిల్ 1వ తేది నుండి అమలులోనికి వచ్చినది. పాఠశాలలో చేర్చుకొనునప్పుడు బిడ్డను గాని తల్లిదండ్రులను గాని పరీక్షించి ఏరివేయరాదని ఆ చట్టపు 13వ విభాగము శాసించుచున్నది. అట్లు పరీక్షించినచో మొదటిసారి 25,000 రూపాయల వరకు, ఆ తరువాత ప్రతిసారి 50,000 రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. ఉన్న చోట్ల కంటె వచ్చినవారు ఎక్కువైనచో చీట్లు వేసి తీయుట వంటి పద్ధతినే అనుసరింపవలెను. ఫీజు గాక విరాళమని మరియొక మొత్తమును అడుగరాదు. ప్రభుత్వ సహాయము లేని పాఠశాలలు గూడ ఒకటవ తరగతిలో నాలుగవ వంతుకు తగ్గకుండ బలహీన వర్గముల బిడ్డలకు స్థానమిచ్చి ఉచితముగా చదువు చెప్పవలెనని అదే చట్టము చెప్పినది. 2012 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు ఆ నియమమును సమర్థించినది. చట్టపు భావము స్పష్టమే. బిడ్డ నేర్చుకొనుటకై బడికి వచ్చును. నేర్చి యుండి వచ్చుటకు కాదు. పరీక్ష కలదేని అది బడికే.

వడ్రంగికి చట్టము తెలియకపోయినను తన పని తెలియును. కాసేపు ఊరకుండి, "తరగతి గది ఒకసారి చూడనిస్తారా?" అని అడిగెను. గుమాస్తాకు అది క్రొత్తగా తోచెను. అయినను కాదనలేక తీసికొనిపోయెను. గదిలో పిల్లలు నోటిమీద వ్రేలు పెట్టుకొని కూర్చుండిరి. వడ్రంగి కన్ను పిల్లల ముఖముల కంటె ముందు వారి పాదముల మీద పడెను. ఒక్క బిడ్డ పాదమును నేలను తాకుటలేదు. అన్నియు గాలిలో వ్రేలాడుచుండెను. అతడు జేబులోని కొలతటేపు తీసి బల్ల ఎత్తు కొలిచెను. ఆరేండ్ల బిడ్డకు ఇంచుమించు అడుగు ఎత్తు పీట చాలును. ఈ బల్లలు అడుగున్నర యెత్తున పెద్దలకు చేసినవి. పాదము లాననిచో తొడలు నొప్పి పుట్టును, నడుము వంగును, బిడ్డ కదలును, కదిలినందుకు దెబ్బయు తినును. అల్లరి బిడ్డది కాదు, బల్లది.

పిదప అతడు తలుపును చూచెను. అది లోపలికి తెరచుకొనుచుండెను. వెనుకవైపు మరియొక మెట్లదారి కలదు గాని దాని తలుపునకు తాళము వేసి యుండెను. "దొంగల భయం" అని గుమాస్తా చెప్పెను. వడ్రంగి ముఖము మారిపోయెను. తలుపుల పని చేయువానికి తలుపు దేనికో తెలియును. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణమున ఒక ప్రైవేటు పాఠశాలలో వంటశాల నుండి రేగిన నిప్పు పూరికప్పునకు అంటుకొని 94 మంది పిల్లలు మరణించిరి. వారు పై అంతస్తున నుండిరి. దిగుటకు తగిన దారి లేకపోయెను. ఆ ఘోరమును గూర్చిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2009లో, అగ్నిమాపక సాధనములు, భద్రమైన కట్టడము లేని పాఠశాలకు గుర్తింపు ఈయరాదని ఆదేశించినది. గుంపుగా పరుగెత్తు పిల్లలు లోపలికి తెరచుకొను తలుపును తమ బరువుతో తామే మూసివేయుదురు. ఇది వడ్రంగి పనివారందరికిని తెలిసిన విషయమే.

గోడ ప్రక్కన వరుసగా సంచులున్నవి. అతడు ఒకదానిని ఎత్తి చూచెను. దూలములు ఎత్తిన చేయి కావున బరువు వెంటనే తెలిసినది. "ఇది నా రంపాల సంచి అంత ఉంది" అనెను. సంచి బరువు బిడ్డ బరువులో పదవ వంతునకు మించరాదని 2020 నాటి జాతీయ విధానము చెప్పుచున్నది. ఇరువది కిలోల బిడ్డకు రెండు కిలోలే హద్దు.

గుమాస్తాకు ఓర్పు తీరినది. "మీరు పిల్లను చేర్చడానికి వచ్చారా, ఇన్‌స్పెక్షన్ చేయడానికి వచ్చారా?" అని అతడు గట్టిగా అనుచుండగనే ప్రధానోపాధ్యాయిని మరియొక గదిలో పాఠము ముగించుకొని, చేతులనిండ సుద్దపొడితో అటు వచ్చెను. సంగతి వినెను. తీర్పు చెప్పక, వరండా మెట్టుమీద బాలిక ప్రక్కనే కూర్చుండెను.

"మీ నాయన ఏం చేస్తాడు తల్లీ?" అని అడిగి ఊరకుండెను. బాలిక పలుకలేదు. ఆమె తొందరపెట్టలేదు. కొంత సేపటికి, "తలుపులు చేస్తాడు" అని మెల్లగా సమాధానము వచ్చినది.

"ఏ మానుతో చేస్తాడు?"

బాలిక లేచి, గది తలుపు దగ్గరకు పోయి, వాసన చూచెను. "ఇది టేకు కాదు, వేప" అనెను. వడ్రంగి తల యూపెను.

"నువ్వు మీ నాయనకు సాయం చేస్తావా?"

"మేకులు లెక్కపెట్టిస్తాను. పదీ పదీ కుప్పలు పెడతాను. మిగిలినవి విడిగా చెప్తాను."

ప్రధానోపాధ్యాయిని గుమాస్తా వైపు చూచి, "పదుల లెక్క వచ్చిన పిల్ల వెనకబడింది ఎట్లా?" అని మాత్రము అడిగెను. గుమాస్తా మారు పలుకలేదు.

ఇంతలో బాలికకు ధైర్యము కలిగినది. తరగతి గది వైపు చేయి చూపి, "మేడం, ఈ బడిలో పిల్లలు ఎప్పుడు మాట్లాడతారు?" అని అడిగెను. ఆ ప్రశ్నకు ప్రధానోపాధ్యాయిని వెంటనే జవాబు చెప్పలేకపోయెను. కొంచెము ఆలోచించి, "మంచి ప్రశ్న అడిగావు. నేను కనుక్కొని చెప్తాను" అనెను. పిదప వడ్రంగిని కూర్చుండబెట్టి, బల్లలు, తలుపులు, తాళము, సంచులు అన్నిటిని గూర్చి అతడు చెప్పినదంతయు ఒక కాగితముపై వ్రాసికొనెను. "ఈ రోజు డబ్బు కట్టవద్దు. ఇంటికి పోయి ఆలోచించుకోండి. నేనూ ఆలోచించాలి" అని పంపివేసెను.

బిడ్డ నోరు విప్పువరకు వేచియుండుట గొప్ప విద్య. జపాను రాజధానియైన టోక్యోలో సొసాకు కొబయాషి అను ఉపాధ్యాయుడు 1937లో టొమోయె అను పాఠశాలను స్థాపించెను. పాత రైలుపెట్టెలే అచ్చటి తరగతి గదులు. వేరొక బడి అల్లరిపిల్ల యని పంపివేసిన ఒక బాలికను తల్లి అచ్చటికి తీసికొనిపోగా, ఆయన తల్లిని ఇంటికి పంపి, బాలిక చెప్పదలచినదంతయు దాదాపు నాలుగు గంటలసేపు వినెను. ఆ పాఠశాల 1945లో బాంబుదాడిలో తగులబడిపోయెను. కాని ఆ నాలుగు గంటలు తగులబడలేదు. ఆ బాలిక తెత్సుకో కురొయనాగి పెద్దదై టెలివిజనులో పేరు పొంది, 1981లో తన బడిని గూర్చి ఒక పుస్తకము వ్రాసెను. అది తెలుగులో 'రైలుబడి' అను పేర వచ్చినది. బడిలో నేర్చిన పాఠములెన్నియో మరచిపోవచ్చును. తన మాటను మొట్టమొదట శ్రద్ధగా విన్న గురువును బిడ్డ మరచిపోదు.

గుత్తి వడ్రంగికి పది దినముల తరువాత పిలుపు వచ్చినది. వెనుక తలుపు తాళము తీసివేయబడినది. తలుపులను బయటికి తెరచుకొనునట్లు మార్చవలెనని, బల్లల కాళ్లు కోసి సరిచేయవలెనని, కూలి యెంతో చెప్పవలసినదని ప్రధానోపాధ్యాయిని అడిగెను. అతడు రంపము, చిత్రిక, ఉలి తీసికొని పోయెను; కూతురును గూడ తీసికొనిపోయెను. ఆ దినమున ఒకటవ తరగతి గదిలోనుండి పిల్లల మాటలు వరండాలోనికి వినవచ్చుచుండెను. ఆటస్థలము మాత్రము మునుపటి వలెనే చిన్నది. సంచుల బరువు కొంత తగ్గినది గాని పూర్తిగా తగ్గలేదు. అయినను అతడు జేబులోని రొక్కము తీసి కట్టి, బిడ్డను ఒకటవ తరగతిలోనే చేర్చెను. దసరా వరకు తల్లి చెవులకు కమ్మలకు మారుగా వేపపుల్లలే యుండెను. ఎవరైన అడిగినచో ఆమె సిగ్గుపడలేదు.

లోపము లేని బడి యెచ్చటను ఉండదు. లోపమును చూపినప్పుడు కోపగించు బడి యొకటి. కాగితము తీసి వ్రాసికొను బడి మరియొకటి. తల్లిదండ్రులు తెలిసికొనవలసిన భేదము ఇదియే. ఇది ప్రైవేటు బడికి మాత్రమే కాదు, ప్రభుత్వ బడికిని వర్తించును. విద్యాహక్కు చట్టపు అనుబంధము రెంటికిని ఒకే కొలబద్ద చూపినది: అయిదవ తరగతి వరకు అరువది మంది పిల్లలకు ఇద్దరు ఉపాధ్యాయులు, ప్రతి ఉపాధ్యాయునికి ఒక గది, బాలురకు బాలికలకు వేరువేరు మరుగుదొడ్లు, మంచినీరు, ఆటస్థలము, ప్రహరీ, గ్రంథాలయము, సంవత్సరమునకు 200 పనిదినములు. దూరపు బడిని చూచుటకు బస్సెక్కు తల్లిదండ్రులు తమ వీధిలోని బడిని గూడ ఒకసారి లోపలికి పోయి చూడవలెను. చూడక మెచ్చుట యెట్లు తప్పో, చూడక నిందించుటయు అట్లే తప్పు.

పెద్ద చదువులు లేనివారు బడిని పరీక్షింపలేరనుట సరికాదు. కుమ్మరి కుండల నీటిని చూచును. తాపీపనివాడు గోడ నెఱ్ఱెను చూచును. వంటచేయు తల్లి మధ్యాహ్నపు అన్నమును చూచును. రైతు చెట్టునీడను చూచును. ఎవరి చేతిపని వారికి ఒక కన్ను ఇచ్చినది. ఇక బిడ్డ కన్ను అందరి కన్నుల కంటె తీక్ష్ణమైనది. బడినుండి తిరిగి వచ్చునప్పుడు, "నీకు ఏమి నచ్చినది? ఏది భయము కలిగించినది?" అని బిడ్డను అడిగినచో, ఏ ప్రకటనపత్రికయు చెప్పని సత్యము తెలియును.

అనేక గృహములలో దరఖాస్తు చదువగలవారు నేడు ఎనిమిదవ తరగతిలోనున్న అన్నయో అక్కయో మాత్రమే. తమ్ముని గాని చెల్లెలిని గాని బడిలో చేర్చు నాడు తల్లిదండ్రులతో కూడ పోవువారును వారే. ఆ దినమున వారు దరఖాస్తు నింపుటతో తమ పని ముగిసినదని తలపరాదు. చిన్న చేతిని పట్టుకొని గది లోపలికి పోయి, ఆ చిన్న పాదములు నేలను తాకుచున్నవో లేవో చూడవలెను. అచ్చటి గురువు ఒక ప్రశ్న అడిగి, జవాబు వచ్చువరకు వేచియుండునో లేదో చూడవలెను. ఈ రెండును చూచినవారికి ఆ బడిని గూర్చి తెలియవలసిన దానిలో పెద్దభాగము తెలిసినట్లే.